మదనపల్లె టమోటాతో మీగడ సాస్: ఒక వంటింటి ప్రాజెక్టు డైరీ

ముందు అనుకున్నది

పాస్తా మా ఇంటికి కొత్త కాదు. పెన్నె (గొట్టాల్లా ఉండే పాస్తా) ఉడికించి, సీసాలోని ఎర్ర సాస్ వంపి, పైన చీజ్ తురిమితే పావుగంటలో పిల్లల ప్లేట్లు ఖాళీ అయిపోతాయి. ఈ ప్రాజెక్టు ఆ సీసాను వదిలించుకోవడానికి. మదనపల్లె మార్కెట్ నుంచి లారీలు దేశం నలుమూలలకీ టమోటా మోస్తుంటే, ఆ ఊరికి నూటికి పైచిలుకు కిలోమీటర్ల దూరంలో తిరుపతిలో ఉండి, ఎక్కడో తయారైన పుల్లటి సాస్ డబ్బులిచ్చి కొనడం నాకు నచ్చలేదు.

షరతులు ముందే రాసి పెట్టుకున్నా. సాస్ విరగకూడదు. రంగు నారింజ కలిసిన ఎరుపులో ఉండాలి, వెలిసిపోయిన గులాబీ వద్దు. తింటే పనీర్ బటర్ మసాలా గుర్తుకు రాకూడదు. అన్నిటికన్నా ఈ చివరిదే కష్టం. వెన్న, టమోటా, మీగడ ఒకే గిన్నెలో పడితే మన చెయ్యి దానంతటదే గరం మసాలా డబ్బా వైపు పోతుంది. ఆ తర్వాత కసూరి మేథీ. ఆ తర్వాత రోటీలు చేద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు.

సోమవారం, పండ్లు

రైతు బజారులో రెండు రకాలు కనబడ్డాయి. ఒకటి నాటు కాయ. గుండ్రంగా, తొడిమ దగ్గర గాట్లు పడి, కోస్తే చేతినిండా రసం, బాగా పులుపు. రెండోది హైబ్రిడ్. కొంచెం కోలగా, తోలు మందంగా, లోపల కండ ఎక్కువ, గింజ తక్కువ. దూరపు లారీ ప్రయాణాన్ని తట్టుకోవాలి కాబట్టి తోలు గట్టిగా ఉండే రకాలనే రైతులు ఎక్కువగా వేస్తారు.

కూరగాయలామె "చారుకా, పచ్చడికాక్కా?" అని అడిగింది. రెండూ కాదు, బాగా చిక్కగా ఉడకబెట్టాలని చెప్పా. "అయితే ఇవి తీసుకో, కండ ఉంటాది. ఆ నాటుకాయ ఉడకబెడితే అంతా నీళ్ళే" అంది. ఆమెకు పాస్తా సంగతి అక్కర్లేదు గానీ, సాస్‌కు ఎలాంటి పండు కావాలో చెప్పేసింది. ఇటలీలో ఈ పనికి పేరుపడ్డ శాన్ మర్జానో టమోటా కూడా ఇలాంటి గుణమున్నదే. పొడుగ్గా, కండ మందంగా, గింజ తక్కువగా ఉంటుంది. నేపుల్స్ దగ్గర వెసూవియస్ అగ్నిపర్వతం పరిసరాల్లో పండుతుంది. 1996 నుంచి ఐరోపాలో ఆ పేరుకు చట్టరక్షణ కూడా ఉంది.

అయినా పూర్తిగా హైబ్రిడ్ మీదే ఆధారపడలేదు. దోరగా కోసి, దారిలో రంగెక్కిన కాయకు రంగు ఉంటుంది గానీ వాసన తక్కువ. గింజల చుట్టూ ఉండే జిగురులోనే రుచి ఎక్కువ, నాటు కాయలో ఆ జిగురు దండిగా ఉంటుంది. అందుకని మూడు వంతులు హైబ్రిడ్, ఒక వంతు నాటు తీసుకున్నా. బుట్టలో పక్కకు తీసి పెట్టిన మెత్తపండ్లు సగం ధరకే ఇచ్చింది. సాస్‌కు అవే మేలు. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకుండా వంటింటి గట్టు మీదే పరిచా. చలికి టమోటా వాసన చచ్చిపోతుంది.

బుధవారం, మిక్సీ ముందా, మంట ముందా

మన అలవాటు, పచ్చి టమోటాలు మిక్సీలో వేసి తిప్పి బాణలిలో పోయడం. దాన్ని పరీక్షకు పెట్టా. అరకిలో పండ్లను పచ్చిగా గ్రైండ్ చేసి గాజు గ్లాసులో పోశా. ఇంకో అరకిలో పండ్లకు కింద గాటు పెట్టి, నేరుగా మరిగే నీళ్ళలో వేసి, తోలు విచ్చుకోగానే తీసి, ఒలిచి, పెద్ద మంట మీద మెత్తబడేదాకా ఉడికించి, అప్పుడు గ్రైండ్ చేశా.

అరగంట తర్వాత చూస్తే తేడా కంటికి తెలిసిపోయింది. పచ్చిగా తిప్పిన గ్లాసులో కింద పసుపు రంగు నీళ్ళు, పైన నురుగుతో గుజ్జు. రంగు కూడా లేత నారింజ. ఉడికించి తిప్పింది మాత్రం ఒకటే ముద్దగా, ఎర్రగా నిలబడింది.

కారణం పెక్టిన్. టమోటాను చిక్కగా పట్టి ఉంచే పదార్థం అదే. పండును పచ్చిగా నలిపితే, పండులోనే ఉన్న ఎంజైములు బయటపడి పెక్టిన్‌ను ముక్కలు చేసేస్తాయి. ముందే గబగబా బాగా వేడెక్కిస్తే ఆ ఎంజైములు పనిచేయకుండా పోతాయి, పెక్టిన్ మిగులుతుంది. కెచప్, పేస్టు తయారుచేసే ఫ్యాక్టరీల్లోనూ చిక్కదనం కోసం ఇదే పద్ధతి, నలిపిన వెంటనే వేడి. ఇక రంగు వెలిసిపోవడం మిక్సీ లోపలికి కొట్టిన గాలి పుణ్యం. పైగా గింజలు నలిగితే అడుగున కాస్త చేదు వస్తుంది.

ఇక్కడితో మొదటి నిర్ణయం అయిపోయింది. ముందు మంట, తర్వాత మిక్సీ. ఆ పైన జల్లెడ. జల్లెడలో మిగిలిన గింజలు, తోలు మరుసటి రోజు చారులోకి పోయాయి. అత్త వాటిని పారేయనివ్వలేదు.

శుక్రవారం, నీళ్ళు పోగొట్టడం

టమోటాలో నూటికి 94 వంతులు నీళ్ళే. కిలో పండ్లు కొంటే అందులో గట్టి పదార్థం అరవై గ్రాముల చుట్టుపక్కల. సాస్ చేయడమంటే చాలావరకు ఆ నీళ్ళను ఆవిరి చేయడమే. ఇది సరిగ్గా చేయకుండా మీగడ పోసి చిక్కదనం తెద్దామనుకుంటే, ఎంత మీగడ పోసినా అది పాలు కలిసిన చారులాగే ఉంటుంది. హోటళ్ళలో తిన్న పాస్తాల్లో సగానికి సగం ఇక్కడే దెబ్బతిన్నాయని ఇప్పుడనిపిస్తోంది. మైదా కలిపి సర్దేస్తారు, నాలుకకు అంటుకుంటుంది.

గిన్నె సంగతి. ఇనుప బాణలిలో టమోటా ఎక్కువసేపు ఉడికితే రంగు నల్లబడి ఇనుము రుచి వస్తుంది. అల్యూమినియంకూ పులుపు పడదు. చేపల పులుసు చేసే మట్టి సట్టి బాగుంటుందేమో అని చూశా. రుచి బాగానే ఉంది గానీ, స్టవ్ ఆర్పాక కూడా అది చాలాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. మీగడ పోసే దశలో ఆ వేడి మన చేతిలో ఉండాలి. అడుగు మందంగా, నోరు వెడల్పుగా ఉన్న స్టీలు గిన్నె ఖాయం చేశా. నోరు ఎంత వెడల్పైతే ఆవిరి అంత తొందరగా పోతుంది.

ఎర్రగడ్డ ఒకటి సన్నగా తరిగి, నూనెలో ఉప్పు వేసి, సిమ్‌లో ఇరవై నిమిషాలు. రంగు మారకూడదు, మెత్తబడి తీపెక్కాలి. ఎర్రగా వేగిందంటే కూర రుచి వచ్చేస్తుంది, మళ్ళీ పనీర్ మసాలా దారి. తెల్లగడ్డ నాలుగు రెబ్బలు చివర్లో, వాసన లేచేదాకా మాత్రమే. అల్లం అసలు వద్దు. నా లెక్కలో ఈ సాస్‌ను ఉత్తరాది గ్రేవీ నుంచి వేరు చేసేది అల్లం లేకపోవడమే.

నూనె విషయంలో పట్టింపు పెట్టుకోలేదు. ఆలివ్ నూనె ఉంటే మంచిదే. రిఫైన్డ్ చెనిక్కాయ నూనె కూడా పనిచేసింది. గానుగ నూనె మాత్రం వేరే వంటకు పెట్టుకోండి. దాని వాసన ముందు టమోటా నిలబడదు.

గుజ్జు పోసి, మూత లేకుండా, సగానికి తక్కువ అయ్యేదాకా ఉడికించా. అంచుల్లో ఎర్రటి నూనె తేలింది. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే ఆ నూనెకు అంత రంగు. మన కూరల్లో నూనె తేలిందంటే పని అయిపోయినట్టు. ఇక్కడ అది సగం పనే. టమోటా ఉడికిందని చెప్పడానికి ఆ గుర్తు సరిపోతుంది. కానీ ప్లేటులోకి వచ్చేసరికి ఆ నూనె మళ్ళీ సాస్‌లో కలిసిపోయి కనబడకుండా ఉండాలి. దాని సంగతి పాస్తా రోజు చూడాలి.

శనివారం

శనివారం మా ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ పొయ్యి ఎక్కవు. వెంకన్న వారం. తిరుపతిలో చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి, పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే తమిళ నెల) అయితే మరీ. ప్రాజెక్టు ఆపడం ఇష్టంలేక, అవి లేకుండా ఒక గిన్నె పెట్టా.

ఎర్రగడ్డ ఇచ్చేది తీపి, కాస్త చిక్కదనం. ఆ రెండింటికీ క్యారెట్ సరిపోయింది. ఒక క్యారెట్ సన్నగా తురిమి వెన్నలో మెత్తబడేదాకా మగ్గించి, టమోటాతోపాటే ఉడికించి గ్రైండ్ చేశా. చక్కెర అవసరం పడలేదు. రంగు కూడా బాగుంది. తెల్లగడ్డకు బదులు ఇంగువ వేద్దామని అత్త అంది. విడిగా ఒక గరిటెడు సాస్‌లో చిటికెడు కలిపి చూపిస్తే, ఆవిడే నాలుకకు తగిలించుకుని "ఇది చారైపోయింది పోమ్మా" అని నవ్వింది. ఇంగువ రద్దు. మిరియాలు దంచి వేస్తే సరిపోయింది.

నిజం చెప్పాలంటే ఈ శనివారం సాస్ నాకు శుక్రవారం దానికన్నా నచ్చింది. టమోటా రుచి అడ్డం లేకుండా తెలిసింది.

ఆదివారం, పాలతో పరీక్ష

పాలు పోస్తే విరుగుతాయని తెలిసే పోశా. ఏ స్థాయిలో విరుగుతాయో చూడాలని.

పాలలోని కేసీన్ అనే ప్రోటీను, పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 దగ్గరకు రాగానే గడ్డకడుతుంది. పెరుగు తోడుకునేదీ ఆ చుట్టుపక్కలే. టమోటా పీహెచ్ మామూలుగా 4కీ 5కీ మధ్య. అంటే సరిగ్గా ఆ గీత మీదే కూర్చుని ఉంటుంది. దానికి వేడి తోడైతే ఇంకా తొందర. మూడు చిన్న గిన్నెల్లో ఒకే సాస్ తీసుకుని, ఒకదానిలో టోన్డ్ పాలు, ఒకదానిలో ఫుల్ క్రీమ్ పాలు, మూడోదానిలో ప్యాకెట్టు క్రీమ్ పోశా. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6, ప్యాకెట్టు క్రీమ్‌లో 25.

టోన్డ్ పాలు పోసిన వెంటనే పలుకులు పలుకులుగా విరిగాయి. ఫుల్ క్రీమ్ పాలు కాసేపు ఓర్చుకుని, ఉడుకు పట్టగానే అదే పని చేశాయి. క్రీమ్ మాత్రం కదలలేదు. దానిలో కొవ్వు ఎక్కువ, ఆ లెక్కన గడ్డకట్టే ప్రోటీను తక్కువ. పైగా చాలా టెట్రా ప్యాకెట్టు క్రీముల్లో విడిపోకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్లు ఉంటాయి, ప్యాకెట్టు వెనక చూస్తే తెలుస్తుంది.

వంటసోడా పరీక్ష కూడా ఈ రోజే. కిలో పండ్ల సాస్‌లో చిటికెడు వేస్తే బుసబుసా పొంగి, పులుపు తగ్గుతుంది. పాలు విరగడమూ తగ్గింది. కానీ పులుపుతోపాటు టమోటాలోని చురుకూ పోయింది. నాటు కాయ ఎక్కువై నోరు జివ్వుమనే రోజున పనికొచ్చే చిట్కాగా పక్కన పెట్టా. పావు చెంచా దాటిందంటే సబ్బు రుచి వస్తుంది.

విరిగిన రెండు గిన్నెలూ కలిపి ఉప్మారవ్వలో పోసి ఏదో చేశా. దానికి పేరు పెట్టలేదు. పెద్దోడు మాత్రం రెండోసారి పెట్టించుకున్నాడు.

ఆ తర్వాతి మంగళవారం, మీగడ

ప్యాకెట్టు కొనకుండా ఇంటి మీగడతో అవుతుందా?

మన జిల్లాలో పాలు ఎక్కువగా జెర్సీ రక్తమున్న సంకరజాతి ఆవులవి. కాగబెట్టి చల్లారిస్తే మీగడ పల్చగా, కొంచెం పసుపుగా కడుతుంది. గేదెపాల మీద కట్టే మందపు మీగడ ఇది కాదు. లీటరు పాల మీద ఒక పూట మీగడ తీస్తే నలుగురి సాస్‌కు చాలదు. వెన్నకని వారం రోజులుగా ఫ్రిజ్‌లో పోగేసిన మీగడ ఉంది కదా అంటే, అందులో అప్పటికే సన్నగా పులుపు మొదలై ఉంటుంది. వేడి టమోటాలో అది పడితే పలుకు కట్టడం ఖాయం. కాబట్టి ఇంటి మీగడైతే ఆ రోజుది, మహా అయితే ముందు రోజుది. మిక్సీలో ఒక తిప్పు తిప్పి నున్నగా చేయాలి. అంత కూడబెట్టలేని రోజున ప్యాకెట్టే దారి. మూడొంతులు ప్యాకెట్టు, ఒక వంతు ఇంటి మీగడ కలిపితే రుచి ఇంటిదిగా ఉంది.

జీడిపప్పు నానబెట్టి రుబ్బి వేయమని మా చెల్లెలు ఫోన్లో గట్టిగా చెప్పింది. వేశా. నున్నగా ఉంది, విరగదు, నిజమే. కానీ నోట్లో పెట్టుకోగానే కుర్మా. నా షరతుకు విరుద్ధం కాబట్టి కొట్టేశా.

కలిపే పద్ధతి ఇలా కుదిరింది. స్టవ్ ఆర్పి, ఉడుకు ఆగేదాకా ఒక నిమిషం వదిలెయ్యాలి. క్రీమ్ గిన్నెలోకి రెండు గరిటెల వేడి సాస్ పోసి కలిపి, ఆ వెచ్చబడిన క్రీమ్‌ను సాస్‌లో పోయాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి క్రీమ్ నేరుగా కుతకుతలాడే టమోటాలో పోసే పని పెట్టుకోవద్దు. క్రీమ్ పడ్డాక మళ్ళీ ఉడకనివ్వకూడదు, వెచ్చగా ఉంటే చాలు.

గురువారం, ఆకులు

ఈ సాస్‌కు బాసిల్ ఆకు, అంటే ఇటలీ వంటల్లో వాడే తులసి జాతి ఆకు, వేస్తారు. మన కృష్ణ తులసి, లక్ష్మి తులసి అందుకు సరిపోవు. వాటిలో లవంగం ఘాటు ఉంటుంది. అసలు సాస్ కోసం తులసి కోట మీద చెయ్యి వేస్తే మా ఇంట్లో ఊరుకునేదెవరు?

దారి పచారీ కొట్లోనే ఉంది. ఫలూదాలో వేసే సబ్జా గింజలు బాసిల్ జాతి మొక్కవే. ఒక చెంచా గింజలు కుండీలో చల్లితే కొన్ని రోజుల్లోనే మొలకెత్తాయి. ఆకు వాసన ఇటలీ రకమంత తియ్యగా లేదు, సోంపు వాసన కొంచెం ఎక్కువ. కానీ నాలుగు ఆకులు చేత్తో తుంచి చివర్లో వేస్తే సరిగ్గానే కూర్చుంది. మొక్క ఇంకా చిన్నది కాబట్టి పొదుపుగా కోస్తున్నా.

ఒరెగానో పొడి బదులు కుండీలోని వామాకు. రెండింటి ఘాటుకూ మూలం దగ్గరి దగ్గరి నూనెలే. ఒక ఆకులో సగం చాలు, అంతకు మించితే దగ్గు మందు.

చీజ్ గురించి ఒక మాట. పాస్తా మీద తురిమే ఇటలీ చీజ్, అసలైన పర్మిజానో రెజానోలో, పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు, అది అక్కడి నియమం. శాకాహారుల ఇంట్లోకి తెచ్చే ముందు తెలిసి ఉండాలి. మన దగ్గర ఆకుపచ్చ చుక్కతో వచ్చే చీజ్‌లో ఆ గొడవ లేదు. ఇక సాస్ సంగతికొస్తే, అమెరికాలో బాగా నడిచే ఇంకో రకం టమోటా మీగడ సాస్‌లో వోడ్కా పోస్తారు. కొండ కింద ఊళ్ళో, అత్త ముందు, ఆ పరీక్ష నేను పెట్టుకోలేదు.

ఆదివారం, అన్నీ కలిపి

ఇటలీ లెక్క ప్రకారం 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. నేను నీళ్ళు కావాలనే తగ్గించా, 100 గ్రాములకు 700 మిల్లీలీటర్లు. నీళ్ళు తక్కువైతే అందులో దిగే పిండి చిక్కగా ఉంటుంది. నాకు కావలసింది ఆ పిండి నీళ్ళే. అన్నం వార్చిన గంజి ఎలా ఉంటుందో అలా ఉంటాయి, కాస్త ఉప్పగా. శుక్రవారం పైకి తేలిన నూనెకు మందు ఇదే. నూనె, నీళ్ళు విడిపోకుండా ఈ పిండి పట్టి ఉంచుతుంది.

ప్యాకెట్టు మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే పెన్నె తీసి, నీళ్ళు ఒక గిన్నెలో పట్టుకుని, పాస్తాను సాస్‌లో వేశా. ఒక గరిటెడు పిండి నీళ్ళు పోసి, మంట పెంచి, గిన్నె ఆడిస్తూ గబగబా కలిపా. మొదట పల్చబడినట్టు కనబడింది, కొంచెం భయమేసింది. అర నిమిషంలో అంచున ఉన్న ఎర్ర నూనె కనబడకుండా పోయి, సాస్ మెరుస్తూ పెన్నె గొట్టాలకు పట్టుకుంది. అప్పుడు స్టవ్ ఆర్పి, క్రీమ్, చెంచాడు వెన్న, ఆకులు.

పిల్లలకు నచ్చింది. అత్త ఒకటి కొరికి "ఇంకా ఉడకలేదే" అంది. పాస్తా మధ్యలో కాస్త గట్టిగా ఉండాలని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ వంతు ఇంకో మూడు నిమిషాలు ఉంచి, అదనంగా ఎండుమిరపకాయ పొడి చల్లి ఇచ్చా. అప్పుడు తింది.

నలుగురికి ఇప్పుడు నిలబడ్డ కొలత: కిలో పండ్లు, ఒక ఎర్రగడ్డ లేదా క్యారెట్, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, మూడు చెంచాల నూనె, 100 మిల్లీలీటర్ల క్రీమ్, 350 గ్రాముల పెన్నె, చివర్లో వెన్న. కారానికి సన్నగా తుంచిన ఎండుమిరపకాయ ఒకటి, నూనెలో ముందే. క్రీమ్ ఇంతకన్నా పెంచితే రంగు గులాబీకి తిరుగుతుంది, టమోటా వెనక్కి పోతుంది.

నిల్వ

క్రీమ్ వేసిన సాస్ ఫ్రీజర్లో పెడితే కరిగాక పలుకుగా, నూనె విడిపోయి ఉంటుంది. అందుకని క్రీమ్ వేయకముందే, చిక్కబడ్డ టమోటా సాస్‌ను ఐస్ ట్రేల్లో పోసి గడ్డకట్టించి, కవర్లలో వేసి పెడుతున్నా. మనిషికి నాలుగు ముక్కలు. క్రీమ్ ఎప్పటికప్పుడు.

2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే కిలో నూరు దాటిపోయినప్పుడు చారులోకి ఒక కాయ వేయాలన్నా ఆలోచించాం. ఇంకో ఏడాది ధర పడిపోతే రైతులు రోడ్డు పక్కన పారబోసి పోతారు. మెత్తపండు చవగ్గా దొరుకుతున్నన్ని రోజులు వారానికోసారి పెద్ద గిన్నె పెడదామని అనుకుంటున్నా. ఫ్రీజర్లో ఒక అర ఇప్పటికే నిండింది. రెండో అరలో అత్త పచ్చిబఠానీలు ఉన్నాయి, వాటిని ఖాళీ చేయించే మాట ఇంకా జరుగుతోంది.